అత్త గాజులకు పట్టిన నక్షత్రం

మా ఆయన ఆదినారాయణ హిందూపురంలో ఒక పట్టుచీరల అంగట్లో సేల్స్‌మన్. పొద్దున పెనుకొండలో బస్సెక్కి పోతాడు, చీకటి పడ్డాక తిరిగి వస్తాడు. మధ్యలో రోజంతా ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళకు "ఈ రంగు మీకోసమే పుట్టిందమ్మా" అని చెప్తుంటాడు. వాళ్ళు నమ్ముతారు. ఆ ధైర్యంతో అప్పుడప్పుడు ఇంట్లో కూడా ఒక అబద్ధం చెప్పి చూస్తాడు.

నేను నమ్మను. అంగట్లో అయితే చీర మీద చెయ్యి వేసి చెప్తాడు. ఇంట్లో చెప్పేటప్పుడు ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియక గోడ గోకుతాడు. మా ఇంట్లో సున్నం ఎక్కడెక్కడ రాలిందో చూస్తే చాలు, ఆయన ఏ అబద్ధం ఎక్కడ నిలబడి చెప్పాడో నేను వరసగా చెప్పగలను.

ఆ రోజు వంటింటి గడప పక్కన గోకుతూ అన్నాడు. "సుకన్యా, అమ్మ గాజులు అగ్గిలో పెట్టకూడదంట."

మా అత్త పుట్టమ్మ పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. ఆమె మంచం ఇంకా వసారాలోనే ఉంది. తీసి అటక మీద పెడదామంటే "ఉండనీలే, ఎవరన్నా వస్తే కూర్చోను పనికొస్తాది" అంటాడు. ఎవరన్నా వచ్చి కూర్చోబోతే మాత్రం "ఈడ కుర్చీ ఉండాది కదప్పా" అని లేపేస్తాడు. తల్లి పోయిన రోజు నుంచి ఈ రోజు వరకు ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూడలేదు. సంగటి ముద్ద సగం తిని కంచం పక్కకు నెట్టడం మాత్రం రోజూ చూస్తున్నాను.

ఏడాది లోపల ఇంట్లో శుభకార్యం జరిగితే మంచిదని పెద్దలు అనడంతో మా స్వాతికి సంబంధం చూశాం. పిల్లవాడు బాలాజి, ధర్మవరం వాళ్ళు. ఇద్దరూ హిందూపురంలో ఒకే కంపెనీ ఆఫీసులో పనిచేస్తారు. నిశ్చితార్థానికి ఉంగరాలు కావాలి. ఈ కాలంలో బంగారం ధర చెప్పాలంటే అంగడివాడు కూడా ముందు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి చెప్తున్నాడు. అందుకని అత్త గాజులు కరిగించి ఇద్దరికీ ఉంగరాలు చేయిద్దామని నేనే అన్నాను. స్వాతి ఎగిరి గంతేసింది. హిందూపురంలో బసవరాజు అనే కుర్రాడు పాత నగలు తీసుకుని కొత్త రకంగా చేసిస్తాడని, కంప్యూటర్లో ముందే చూపిస్తాడని చెప్పింది.

"నా ఉంగరం మీద బాలాజి వేలిముద్ర, ఆయన ఉంగరం మీద నాది చెక్కుతారు నాయనా. ఇప్పుడు అందరూ అట్లే చేయించుకుంటాండారు," అంది.

"వేలిముద్రా? సంతకం రానోళ్ళు ఏసేది కదమ్మా అది? మీరిద్దరూ ఎంబీయే చదివి ఇదేం ఖర్మ?" అన్నాడు మా ఆయన.

అంతకు మించి ఏమీ అనలేదు. అనకుండా ఆలోచించాడు. ఆలోచించగా వచ్చిందే ఈ గోడ గోకుడు.

"ఎవరు చెప్పినారు?" అన్నాను.

"పంచాంగం ఈరప్ప. మన గోడ గడియారం ముందు నడస్తాది కదా. ఆ టైము పట్టుకొని అమ్మ పోయిన నక్షత్రం లెక్కేసినారంట. సరిగ్గా ఏస్తే నక్షత్రమే మారిపోతాది. అది మంచిది కాదంట. ఆ నక్షత్రంలో పోయినోళ్ళ బంగారం అగ్గి చూడకూడదంట."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళేందే? ఎప్పటికీ!"

సున్నం ఇంకో రూపాయి బిళ్ళంత రాలింది.

అత్త పోయిన టైము చూసింది నేను. గోడ గడియారంలో కాదు, సెల్లులో. అయ్యవారికి చెప్పిందీ నేనే. కాబట్టి నక్షత్రం ఎక్కడిది అక్కడే ఉందని నాకు తెలుసు. ఆ మాట అక్కడే అనేసి ఉంటే కథ అయిపోయేది. కానీ కోపం వచ్చింది. "మా అమ్మ గాజులు కరిగించొద్దే" అని ఒక్క ముక్క నోరు తెరిచి చెప్పలేక, ఆకాశంలో నక్షత్రాన్ని జరిపిన మనిషిని ఊరికే వదలాలనిపించలేదు.

"అయ్యో, ఇంత సంగతి వియ్యాలవారికి చెప్పకుంటే ఎట్ల?" అని ఆయన ముందే ధర్మవరానికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టాను.

కాబోయే వియ్యంకురాలు సుశీలమ్మ మంచి మనిషి. కాకపోతే పిల్లి ఎదురొస్తే పిల్లికంటే ముందు ఈమె పరిగెత్తుతుంది. విషయం వినగానే కెవ్వుమంది.

"చెడ్డ నక్షత్రమైతే ఇల్లు వదలల్ల కదా వదినా! తాళమేసి బయటికి పోవల్ల కదా! మీరు ఆ ఇంట్లోనే ఉండారా? మేము పిల్లను చూసేకి వచ్చి ఆడనే ఉప్మా తిని పోయినామే! ఆ పొద్దు నుంచి మా ఇంటాయనకు అరగదే! ఇదా సంగతి?"

మా ఆయన ఫోను మీదికి వంగాడు. "అమ్మా, అది నక్షత్రం కాదులేమ్మా, ఉప్మా వల్ల అయ్యుంటాది."

"నా ఉప్మాకేం వచ్చింది?" అన్నాను.

"ఉప్మా నక్షత్రం కూడా మంచిది కాదులే..."

"అన్నా, నవ్వులాట కాదు!" అంది సుశీలమ్మ. "నిశ్చితార్థం దాకా ఆ ఇంటికి తాళమెయ్యండి. లేకుంటే మా వాళ్ళు ఒప్పుకోరు. పిల్లల బతుకులు కదా అన్నా."

ఫోను పెట్టేశాక ఆయన నా వైపు చూశాడు. ఏదో ఒక అడ్డం వేస్తాననుకున్నాడు. నేను అప్పటికే గిన్నెలు సర్దుతున్నాను.

"నిజంగా పోతాండామా?"

"నక్షత్రం నిజమైతే పోవడం అబద్ధమెట్ల అవుతాది?" అన్నాను.

స్వాతి "నాకు ఆఫీసు ఉండాది" అని హిందూపురంలో స్నేహితురాలి గదికి పోయింది. మాకు పెనుకొండలో అప్పటికప్పుడు దొరికింది ఒకటే గది, బజారు వీధిలో కారం మిషను మీద. ఎండాకాలం. ఊరంతా ఏడాదికి సరిపడా మిరపకాయలు పట్టించుకునే రోజులు. కింద మిషను తిరగడం మొదలైతే పైన మేము తుమ్మడం మొదలు.

సామాన్లు తెమ్మని ఆయన్ను ఇంటికి పంపితే వంటసామాను మరిచిపోయి అత్త మంచం మోసుకొచ్చాడు. మెట్ల మలుపులో అది ఇరుక్కుంది. మిరపకాయలు తెచ్చినవాళ్ళంతా తలలెత్తి చూస్తున్నారు.

"ఆ మంచమెందుకయ్యా? దోషం దానికి ఉండదా?"

"దానికి లేదంట. హాచ్!"

"ఈరప్ప చెప్పినాడా?"

"ఆ. చెప్పి... హాచ్!"

మాట మీద తుమ్ము పడితే ఆ మాట నిజమంటారు మా వైపు. ఆ లెక్కన ఆ గదిలో ఆయన చెప్పినవన్నీ నిజాలే.

ఇంట్లో తుమ్మితే వినేది నేనొక్కదాన్నే. అంగట్లో అట్ల కాదు. ఆ కారం ఆయన చొక్కాల్లో, తువ్వాల్లో, చివరికి టిఫిను డబ్బాలో కూడా చేరింది. ఎవరో పెళ్ళివాళ్ళు వచ్చి గంటలకొద్దీ చూసి ఒక చీర పక్కన పెట్టారట. ఈయన చీర మీద చెయ్యి వేసి "ఈ రంగు మీకోసమే పు..." అని తుమ్మాడట. పెళ్ళికూతురి అవ్వ "అపశకునం, లేవండి" అని అందరినీ లేపుకొని పోయిందట. ఓనరు పిలిచి, "ఆదినారాయణా, ఇది చీరలంగడా, ఆస్పత్రా?" అని అడిగాడట.

ఆ సాయంత్రం పెందలాడే వచ్చి మెట్ల మీదే కూర్చున్నాడు. నేను ముక్కుకు కొంగు కట్టుకుని అన్నం వార్చుతున్నాను.

"సుకన్యా. నక్షత్రం లేదు."

"ఏ నక్షత్రం?"

"ఏదీ లేదు. ఈరప్పను నేను చూసి ఎంత కాలమాయనో."

"మరి గాజులకు ఏమొచ్చింది?"

"గాజులు..." అని ఆగాడు. "మా అమ్మవి."

"మీ అమ్మవని నాకు తెలీదా? నావైతే ఇంత ఆలోచన చేస్తావా నువ్వు?"

"అంతే. అంతకంటే ఏం చెప్పేది?"

కళ్ళు తుడుచుకున్నాడు. ఆ గదిలో కళ్ళు తుడుచుకున్నవాళ్ళను ఎందుకని అడగనక్కర్లేదు. నేనూ తుడుచుకున్నాను.

అంతటితో వదిలేసి ఉండాల్సింది. కానీ గెలిచిన సంబరం ఒకటుంటుంది కదా, స్వాతికి ఫోన్ చేసి చెప్పాను. స్వాతి ఆ ఫోను నాన్నకిమ్మంది.

"దోషం లేదా? అయితే ఇంకేం నాయనా, కరిగించొచ్చు కదా!"

మా ఆయన నోరు తెరిచాడు. దోషం ఉందంటే ఈ గది. లేదంటే ఆ అగ్గి. ఏ గోడ గోకాలో తెలియక మెట్టు గోకాడు. "సరేలేమ్మా," అన్నాడు.

ఇంటికి తిరిగొచ్చాం. మంచం మళ్ళీ వసారాలోకి చేరింది. సుశీలమ్మకు ఫోన్ చేసి లెక్క తప్పిందని, దోషమేమీ లేదని చెప్పాను. "అయితే మా ఇంటాయనకు ఎందుకు అరగలేదు వదినా?" అంది.

ఆదివారం ముగ్గురం బసవరాజు అంగడికి పోయాం. చిన్న అంగడి, చల్లగా ఉంది. కంప్యూటర్లో ఉంగరం గిరగిరా తిరుగుతోంది. దాని మీద గీతలు గీతలుగా బాలాజి వేలిముద్ర. స్వాతి మొహం వెలిగిపోతోంది. మా ఆయన గోడకున్న క్యాలెండరు వైపు తిరిగి కూర్చున్నాడు.

"గాజులివ్వండక్కా," అన్నాడు బసవరాజు. "మీ ఎదురుగానే కరిగిస్తా. మళ్ళా నామీద మాటొద్దు."

సంచిలోంచి మూట తీసిచ్చాను. అత్త పోయిన రోజు పాత రవికగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టిన మూట అది. మళ్ళీ నేను విప్పలేదు. అతను విప్పి, ఒక గాజు లైటు కింద పెట్టి, భూతద్దంలో చూశాడు.

"లోపల చెక్కుడు సందుల్లో తెల్లగా ఏందో ఉండాదక్కా. సబ్బు. ఎండిపోయి పట్టుకుంది. ఏం కాదు, కడిగేసి కరిగిస్తా."

సబ్బు నాదే.

ఆ రోజు అత్త చేతులు వాచిపోయి ఉన్నాయి. తీసుకుపోయేముందు గాజులు తియ్యమన్నారు ఎవరో. తియ్యడానికి కొడుకు లేడు. పెరట్లోకి పోయి జామచెట్టు పట్టుకుని నిలబడ్డాడు. నేనే బట్టల సబ్బు తడిపి, ఆమె చేతికి రాసి, వేళ్ళన్నీ ఒక దగ్గరకు నొక్కి లాగాను. గాజు బొటనవేలి ఎముక దగ్గర పట్టేసింది. "కొంచెం ఓర్చుకో అత్తా, అయిపోయ, అయిపోయ" అంటూనే ఉన్నాను. నేను అన్నం వండితే మెత్తన, బట్ట ఉతికితే మురికి, నడిస్తే చప్పుడు అని నా ప్రతి పనికీ పేరు పెట్టిన మనిషి. ఆ రోజు మాత్రం ఒక్క మాట అనలేదు. చర్మం ఎర్రగా కమిలినా అనలేదు.

"కడగొద్దు," అన్నాను.

బసవరాజు ఆగాడు. "కడక్కుండా అగ్గిలో ఎయ్యకూడదక్కా."

"అసలెయ్యొద్దు. ఇట్లివ్వు."

"అమ్మా!" అంది స్వాతి. "నువ్వే కదా చేయిద్దామంటివి? ఇప్పుడేమొచ్చింది?"

చెప్పాలనే నోరు తెరిచాను. ఇన్ని రోజులుగా ఆయన్ను ఏ మాట చెప్పలేదని సాధించానో, ఆ మాటే నాకు రాలేదు. చెయ్యి దానంతట అదే కౌంటరు అంచు గోకింది.

"దోషం ఉండాది," అన్నాను.

"మళ్ళా నక్షత్రమా! లేదని మీరే కదా చెప్పింది?"

మా ఆయన క్యాలెండరు మీంచి మొహం తిప్పాడు. ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన ప్రతి అబద్ధాన్నీ ఎక్కడిదక్కడ పట్టుకున్నదాన్ని. ఇప్పుడు ఆయన వంతు. నా వేళ్ళ వైపు చూశాడు, గాజు వైపు చూశాడు. నవ్వుతాడనుకున్నాను.

"మీ అమ్మ చెప్పేది నిజమేలేమ్మా," అన్నాడు. "అది మంచి నక్షత్రం కాదు."

"మరి నా ఉంగరాలు?"

నేను చెవుల నుంచి మాటీలు తీసి తక్కెట్లో పెట్టి, మా ఆయన చేతి వైపు చూశాను. మా నాయన పెళ్ళిలో పెట్టిన ఉంగరం ఉంది ఆయన వేలికి. చీర పరిచి చూపేటప్పుడు పదిమందికీ కనపడాలని ఆ వేలు ఎత్తి పెట్టుకుంటాడు.

"నాదా?" అన్నాడు.

"నీదే."

"మీ నాయన నాకు పెట్టింది అదొకటే కదే!"

"అందుకే నిన్ను ఒకటే అడుగుతాండా."

"రెండు సన్నగా వస్తాయి సార్," అన్నాడు బసవరాజు. స్వాతి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అలిగిన మొహం మెల్లగా దించుకుంది. "సన్నగా ఉన్నా పర్లేదులే," అంది చిన్నగా.

ఆయన ఉంగరం తిప్పాడు. రాలేదు. లాగాడు. కణుపు దగ్గర పట్టేసి వేలు ఎర్రబడింది. నేను పట్టుకుని లాగబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఉండండి సార్, లోపల సబ్బుంది," అని లేచాడు బసవరాజు. "కొంచెం రాస్తే జారిపోతాది."

"వద్దు!"

ఇద్దరం ఒక్కసారే అన్నాం. నేను ఆయన వైపు తిరిగాను. నేను అత్త గాజులు తీసిన రోజు పెరటి వైపు కిటికీ తెరిచే ఉందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన నా వైపు చూడలేదు. వేలు చాచి కౌంటరు అద్దం మీద పెట్టాడు.

"ఉంగరం కోసెయ్యప్పా," అన్నాడు.