జానెడు దూరం

మా ఆరోగ్య కేంద్రం పరిధిలో రక్తపోటు పూర్తిగా నిర్మూలించబడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఈ విజయంలో నా పాత్ర కూడా ఉంది.

కేంద్ర ప్రభుత్వం తన విధానం ప్రకారం రక్తపోటు కొలిచే యంత్రం పంపింది. రాష్ట్ర ప్రభుత్వం తన విధానం ప్రకారం మాత్రలు ఇచ్చే యంత్రం పంపింది. రెండూ ఒకే బల్ల మీద, జానెడు దూరంలో ఉన్నాయి. ఒకదాని అంకె రెండోదానికి చేరే దారి మాత్రం ఏ విధానంలోనూ లేదు. ప్రారంభోత్సవంలో పెద్ద అధికారి, "కేంద్రం ఒక చెయ్యి, రాష్ట్రం ఒక చెయ్యి. రెండూ ప్రజల నాడి మీదే ఉన్నాయి" అన్నారు. చప్పట్లు నేనే మొదలుపెట్టాను.

నర్సుకు తీరిక లేక ఆ జానెడు దూరం దాటించే పని నాకిచ్చారు. భర్త పోయాక, యాభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చినదాన్ని. కాగితం కనబడితే అడక్కుండానే చదివి వినిపించే రకం. ఇక్కడ అంకె చూసి అక్కడ కొట్టాలి. హోదా 'సాంకేతిక అనుసంధానకర్త'. జీతం లేదు, మెడలో కార్డు ఉంది. ఇంట్లో కూడా తీసేదాన్ని కాదు.

అంకె ఎక్కువైతే మాత్రల యంత్రం తెర ఎర్రబడుతుంది. వయోజన బడిలో నా తప్పులన్నీ ఎర్ర సిరాతోనే దిద్దారు. ఆ రంగు చూస్తే నాకు తల కొట్టేసినట్టుంటుంది. తనిఖీ రోజున నూట ఎనభై వచ్చినచోట నూట ఇరవై కొట్టాను. ఒకరికి చేసి ఇంకొకరికి చేయకపోతే పక్షపాతం కదా, అందరికీ అదే కొట్టాను. తెరంతా పచ్చబడింది. అధికారి ప్రశంసాపత్రం ఇచ్చారు. అక్కడే నిలబడి రెండుసార్లు పైకి చదివాను.

మర్నాడు మా ఆయన అక్క, అంటే మా వదిన, మాత్రలకు వచ్చింది.

"యంత్రం ఇవ్వనంటోంది పెద్దమ్మా. మీకు జబ్బు లేదంట" అంది నర్సు.

"తల తిరిగిపోతోందే తల్లీ."

"తల సంగతి అందులో లేదండీ."

నేను తప్పు ఒప్పుకున్నాను. ఒకసారి ఎక్కిన అంకె మీద యంత్రం కొత్త అంకె తీసుకోదు, దిద్దే అధికారం నర్సుకు లేదట. అర్జీ రాశాను. కొలిచింది కేంద్ర ప్రభుత్వం యంత్రం కాబట్టి వాళ్లనే అడగమన్నారు రాష్ట్రం వాళ్లు. మా అంకె సరైనదే కాబట్టి మాకు సంబంధం లేదన్నారు కేంద్ర ప్రభుత్వం వాళ్లు. ఈలోగా మా ఆరోగ్య కేంద్రం ఆదర్శ కేంద్రంగా ఎంపికైంది.

ఆ సంగతి చెప్పడానికి వెళ్తే, వదిన ఇంట్లో నుదుటి మీద తడిగుడ్డతో పడుకుని ఉంది.

"నువ్వు వేలిముద్ర వేసిన రోజుల్లో నాకు మాత్రలు దొరికేవే" అంది.

ఇలాంటప్పుడు ఏం చెప్పాలో మొదటినుంచీ చదువుకున్న మీకు తెలిసే ఉంటుంది. నేను మీలో ఈమధ్యే చేరాను.