పెట్టెలో లేని పట్టకారు

ఒక పెద్ద అడవిలో చాలా చిన్న బొరియ ఒకటి ఉండేది. అందులో నాంచారమ్మ అనే ముంగిస, కూతురు బుడిగితో కాపురముండేది. తల్లి తోక చాపితే కూతురు ముడుచుకోవాలి. కూతురు కాళ్లు చాపితే తల్లి వాకిట్లో కూచోవాలి.

అంత ఇంట్లోనే ఆమె పనిముట్లు కూడా. పీచు బ్రష్షు, ముళ్ల దువ్వెన, గోళ్లు తీసే కత్తెర, నెత్తురు తాగే పిడుదుల్ని లాగే వెదురు పట్టకారు. నాలుగూ గుమ్మం పక్కన వేరుకి వేలాడుతుండేవి. బొచ్చు చిక్కుపడ్డవాళ్లు, గోళ్లు పెరిగినవాళ్లు, చెవిలో పిడుదు దూరినవాళ్లు పొద్దున్నే వచ్చేవారు. నాంచారమ్మ వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి పెట్టి కావలసింది అందుకునేది.

ఆ ఏడు అడవి పంచాయతీకి శుభ్రత మీదికి మనసు పోయింది. దానికో సంఘం పెట్టి, ఇనస్పెక్టరుగా కొంగను వేశారు. తెల్లగా ఉంటాడు కదా, ఇంకేం అర్హత కావాలన్నారు. ఆయన పగలంతా నిలబడేది బురదలోనే అన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

కొంగ ఒక పథకం తెచ్చాడు. చిన్న ఇళ్లలో వస్తువన్నది కంటికి కనబడకూడదు. ఇంటికి నాలుగు తాటాకు పెట్టెలిస్తారు. అన్నిటికన్నా చిన్న వస్తువు చిన్న పెట్టెలో, ఆ పెట్టె దానికన్నా పెద్దదాంట్లో, అది ఇంకా పెద్దదాంట్లో. చివరికి పైకి కనబడేది ఒక్క పెట్టె. దానికి నారతాడు, తాడుకి లక్కముద్ర. ముద్ర తియ్యాలంటే ఆకు మీద అర్జీ రాసుకోవాలి. తనిఖీలో ఏదైనా వస్తువు పెట్టె బయట దొరికిందా, ఇల్లు సంఘానికి దఖలు.

కుందేలు ఇల్లు అలాగే పోయింది, పక్క మీద దువ్వెన దొరికిందని. ఇప్పుడందులో సంఘం ఆఫీసు నడుస్తోంది. కుందేలు సంసారం పొద కిందకి చేరింది. అది చూసిన దగ్గర్నుంచీ నాంచారమ్మకి తిండి సయించలేదు. వానలు దగ్గరపడ్డాయి.

కొంగ దగ్గరుండి సర్దించాడు. బ్రష్షు పెద్ద పెట్టెలో, దువ్వెన దాని లోపలిదాంట్లో, కత్తెర ఆ లోపల. పట్టకారు అన్నిటికన్నా చిన్నది గనక అన్నిటికన్నా లోపల.

"అయ్యా, రోజూ పని పడేది దాంతోనే" అంది నాంచారమ్మ.

"ఎన్నిసార్లు వాడతావన్నది మా కొలతల్లో లేదమ్మా. పొడుగెంత, వెడల్పెంత. అంతే."

పోయిన వానల్లో బుడిగి చెవిలో పిడుదు దూరి, పిల్ల మూడు రోజులు కళ్లు తెరవలేదు. పిడుదు అర్జీ రాసేదాకా ఆగే రకం కాదు. కొంగ లక్క కరిగించడానికి అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి చిన్న పెట్టెకి మూత పడి ఉంది. అది ఖాళీదని నాంచారమ్మకే తెలుసు. పట్టకారు ఆమె తోక బొచ్చులో ఉంది.

మర్నాడు పక్కింటి ముళ్లపంది పోతయ్య వచ్చాడు. దువ్వెనకి ముళ్లిచ్చింది అతనే.

"ఏంటక్కా, తోక మీద కూచున్నావ్?"

"కాస్త నొప్పి తమ్ముడూ."

"నొప్పి అయితే లేచి నించోవాలి గానీ, దాని మీద కూచుంటారా?" అని నవ్వాడు. తన ముళ్లన్నీ బయటే ఉన్నాయనీ, తనని ఏ పెట్టెలో సర్దుతారో కొంగని కనుక్కోవాలనీ గొణుక్కుంటూ పోయాడు.

నెల తిరిగింది. బాగా సర్దిన ఇంటికి 'ఆదర్శ గృహం' బోర్డు ఇవ్వడానికి పంచాయతీ ప్రెసిడెంటు ఎలుగుబంటి బయల్దేరాడు. ముందుగా వచ్చింది నాంచారమ్మ ఇంటికే.

బొరియలో ప్రెసిడెంటు తల ఒక్కటే పట్టింది. దాంతో ఇల్లు నిండిపోయింది. పెట్టె ఆయన గడ్డం కిందకి పోయింది. తల్లీ కూతుళ్లు చెరో మూలకి ఒత్తుకున్నారు.

"భేష్, ఒక్క వస్తువూ కనబడ్డం లేదు" అన్నాడాయన. వెలుతురుకి అడ్డం తన తలే అని ఆయనకి తట్టలేదు.

నెల రోజులుగా అడవిలో ఎవరి చెవీ శుభ్రపడలేదు. ప్రెసిడెంటుది అసలే బొచ్చు చెవి. అందులో ఉన్న పిడుదు సరిగ్గా అప్పుడే గట్టిగా పట్టుకుంది. ఆయన కళ్లు మూసుకుని ఒక్క అరుపు అరిచి తల విదిలించాడు. కప్పు నుంచి మట్టి రాలి బుడిగి మీద పడింది.

"కంగారు పడకండి సార్, పట్టకారు పెట్టెలో భద్రంగా ఉంది" అన్నాడు బయట్నుంచి కొంగ. "తమరొక అర్జీ రాస్తే..."

"తల లోపల, చేతులు బయట. ఎలా రాయనయ్యా?"

"పోనీ పెట్టె ఇటు తోయండి."

"గడ్డం ఎత్తితే కప్పు పోతుంది."

కొంగ వేరు సందులో కన్ను పెట్టాడు. ఆ కన్ను నాంచారమ్మకి కనబడుతూనే ఉంది. పట్టకారు తీస్తే ఇల్లు పోతుంది. తియ్యకపోతే ఇంకో విదిలింపుకి కప్పు పిల్ల మీద పడుతుంది.

తోకలోంచి పట్టకారు తీసింది. ఒక్క లాగుతో పిడుదు ఊడొచ్చింది.

ప్రెసిడెంటు కళ్లు తెరిచాడు. ఎదురుగా ఆమె చేతిలో పట్టకారు. కళ్లు దించితే గడ్డం కింద పెట్టె, దాని మీద చెక్కుచెదరని లక్కముద్ర. బయట కొంగ తన తనిఖీ ఆకు మీద గీస్తున్న చప్పుడు.

"ముద్ర ఊడలేదు, పట్టకారు చేతికొచ్చింది" అన్నాడు ప్రెసిడెంటు మెల్లగా. "కొంగా, ఏం పెట్టెలయ్యా ఇవి. అద్భుతం."

కొంగ గీయడం ఆపాడు. ఉన్నదున్నట్టు రాస్తే బొరియ సంఘానికొస్తుంది గానీ పథకం పోతుంది. కాసేపు ఒంటికాలి మీద నిలబడ్డాడు. తరవాత ఆ ఆకు నమిలి మింగేశాడు.

"అదే సార్ వీటి ప్రత్యేకత."

"ఏమ్మా, అంతేనా?" అని ప్రెసిడెంటు నాంచారమ్మని అడిగాడు.

ఆమెకి పొద కింద కుందేలు పిల్లలు గుర్తొచ్చారు.

"తమరు చెప్పాక అంతే సార్."

ఆయన తల బయటికి లాక్కుంటే పెట్టె చితికి బద్దలైంది. పనిముట్లకి ఏం కాలేదు. సాయంత్రానికి గుమ్మం కన్నా పెద్ద బోర్డు వచ్చి, నాలుగు మేకులతో గుమ్మం పైన బిగుసుకుంది. మర్నాడు నాంచారమ్మ ఒక్కో మేకుకీ ఒక్కో పనిముట్టు తగిలించింది. కొంగ వారం వారం తనిఖీకొచ్చి, బోర్డు చదివి, దణ్ణం పెట్టి వెళ్తాడు. మేకుల వైపు చూడడు.

పెట్టెలు మాత్రం అడవంతా పంచారు. ఆ వానాకాలం అందరి తోకలూ కాస్త లావెక్కాయి.

ఇంతకీ నీతేమిటంటే: ఇల్లు ఏదీ దొరకనంత పొందిగ్గా సర్దుకో, కావలసింది మాత్రం తోకలో పెట్టుకో.