తాళాల మేస్త్రి ఇంటి ‘అది’

మనిషి ఇల్లు సర్దుకోలేకపోవడానికి కారణం బద్ధకం కాదు, ఇంగ్లీషు రాకపోవడం. ఈ సత్యాన్ని కాలనీ గృహ పరిశుభ్రతా మండలి సుదీర్ఘ పరిశోధన చేసి కనిపెట్టింది. (పరిశోధన అంతా ఒకే గదిలో జరిగింది. ఆ గదిలో పాత ఫ్యాన్లు, విరిగిన కుర్చీలు అడ్డం లేకపోతే ఇంకా త్వరగా తేలిపోయేదట.) దాని పుణ్యమా అని తాళాల మేస్త్రి ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. నా కథల్లో కల్పన ఆవగింజంతకు మించి ఉండదని నన్నెరిగినవాళ్లంతా ఒప్పుకుంటారు. ఈ కథలోనైతే ఆ ఆవగింజ కూడా లేదు.

మండలి వాదన ఇది. పనికిరాని వస్తువును వదిలించుకోవడానికి మన దగ్గర ‘పారెయ్’ అన్న మొరటు మాట ఒక్కటే ఉంది. అది వినగానే ఇంట్లోవాళ్లకు ఎక్కడో కలుక్కుమంటుంది. ‘పోనీ, ఉండనీలే’ అంటారు. అదే ఇంగ్లీషులో డీక్లట్టర్ అన్నా, డిస్కార్డ్ అన్నా, వేరే పనికి మళ్లించడాన్ని రీపర్పస్ అన్నా ఎవరికీ ఏమీ అనిపించదు. అందుచేత ప్రతి ఇంటివారూ తమ ఇంట్లోని ప్రతి వస్తువు పేరూ, దాన్ని సర్దే పద్ధతీ ఇంగ్లీషులో చెప్పాలి. చెప్పగలిగినది ఇంట్లో ఉంటుంది. చెప్పలేనిది చెత్త కింద జమ. తనిఖీకి అనవసర వస్తు నిర్ణయాధికారి స్వయంగా విచ్చేస్తారు. (ఆ పదవి అవసరమో కాదో నిర్ణయించాల్సిన పై అధికారి పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది.)

ఈ ప్రకటన విన్నప్పుడు మేస్త్రికి నవ్వొచ్చింది. ఇంటికెళ్లి గోడకు ఆనించి ఉన్న కర్రను చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

ఆ కర్ర ఆయన చేతి పని. పాత కర్టెన్ రాడ్డు, దానికి ఒక చివర గొడుగు పిడి వంపు, రెండో చివర గొళ్లెం ముక్క, పట్టు జారకుండా మధ్యలో చుట్టిన సైకిల్ ట్యూబు. భార్యకు రెండు భుజాలూ పట్టేసి చేతులు పైకి లేవడం మానేసినప్పుడు చేసిపెట్టాడు. దాంతోనే ఆవిడ కిటికీ పైగడియ తీస్తుంది, అలమర పైఅరలోంచి డబ్బాలు దింపుతుంది, ఫ్యాను స్విచ్చు నొక్కుతుంది, మొగుడు గురకపెడితే తన మంచం మీంచి లేవకుండానే పొడుస్తుంది. అది వచ్చాక ఆవిడ ‘కాస్త అందించండి’ అని ఎవరినీ అడగలేదు. అది లేకపోతే ఆవిడ ఇల్లు భుజం ఎత్తు దగ్గరే ఆగిపోతుంది.

అంత చాకిరీ చేసే దానికి పేరు మాత్రం లేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ దాన్ని ‘అది’ అంటారు. ఆ మాటకొస్తే వాళ్లు అన్నిటినీ ‘అది’ అనే అంటారు. వంటింట్లోంచి ఆవిడ “ఏమండీ, అదిలా ఇవ్వండి” అంటుంది. కత్తెర కావాలంటే ఆయన కత్తెరే తెస్తాడు, పట్టకారు కావాలంటే పట్టకారే. తప్పు ‘అది’ తెచ్చి తిట్లు తిన్నది పెళ్లయిన కొత్తలోనే.

ఇంగ్లీషు నేర్పే భారం మేస్త్రి బావమరిది తన నెత్తినేసుకున్నాడు. ప్రకటన వచ్చిన మర్నాడే అతను సర్దుడు ఇంగ్లీషు శిక్షణ కేంద్రం తెరిచాడు. (అంతకు ముందు ఒడ్డున నిలబడి ఈత నేర్పేవాడు.) అక్కా బావల ఇంటికే వచ్చి చెబుతానన్నాడు. వచ్చేటప్పుడు బోర్డు తెచ్చాడు, దానికో స్టాండు తెచ్చాడు, బొమ్మల చార్టులు తెచ్చాడు, ఇంగ్లీషు పేర్ల చీటీలు అంటించిన ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చాడు. ‘ఎంప్టీ’ అంటే తెలియాలి గనుక కొన్ని ఖాళీ డబ్బాలు, అవి చెల్లాచెదురు కాకుండా ఇంకో పెద్ద డబ్బా. మంచం ఎక్కాలంటే కాళ్ల వైపు నుంచి పాకాల్సిన పరిస్థితి వచ్చింది. ఇవన్నీ ఎక్కడ సర్దాలిరా అని అక్క అడిగితే, అది అడ్వాన్స్‌డ్ కోర్సులో వస్తుందన్నాడు.

చదువు మాత్రం సాగింది. అలవాటు కావడానికి ఇంట్లో ‘అది’ అనడం నిషేధమని బావమరిది రూలు పెట్టాడు. ఒక పొద్దున మేస్త్రి భార్య వంటింట్లోంచి, స్టోరేజ్ బాస్కెట్ పక్కనున్న డ్రాయర్ ఆర్గనైజర్ తెమ్మంది. చెవి ఆనించి ఎంత మొండి తాళాన్నైనా తెరిచే మేస్త్రి గది మధ్యలో బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. “ఏది?” అన్నాడు. ఆ ఇంట్లో ఆ ప్రశ్న వినపడి చాలా ఏళ్లయింది. ఆవిడ పొయ్యి తగ్గించి, బయటికొచ్చి, తానే వెతుక్కుంది.

అన్నిటికీ పేర్లు దొరికాయి, ఆ కర్రకు తప్ప. హుక్ అందామంటే వంపు ఒక్కటే హుక్. స్టిక్ అందామంటే ఊతకర్ర అనుకుంటారు. బావమరిది ఫోనంతా గాలించి చివరికి చేతులెత్తేశాడు. “కొన్నదైతే అట్టపెట్టె మీద పేరుండేది బావా. నువ్వు చేసుకున్నావు చూడు, అక్కడొచ్చింది చిక్కు” అన్నాడు.

తనిఖీ రోజు మేస్త్రి భార్య తడబడకుండా నెట్టుకొచ్చింది. లాండ్రీ బాస్కెట్ అంది, షూ ర్యాక్ అంది, స్పేస్ సేవర్ అంది. అధికారి ప్రతి దానికీ తలూపుతూ, డబ్బాల మధ్య ఎక్కడ అడుగెయ్యాలో వెతుక్కుంటూ అటక దాకా వచ్చాడు. అటక తలుపు తీసి చూడాలి. నిచ్చెన ఎక్కడం ఆయన హోదాకు నిషిద్ధం. చుట్టూ చూసి చెయ్యి చాపాడు.

“అదిలా ఇవ్వండమ్మా” అన్నాడు.

ఆవిడ ఇచ్చింది. ఆయన వంపుతో తలుపు లాగాడు, తొంగిచూశాడు, గొళ్లెం ముక్కతో మళ్లీ మూశాడు. పనిలో పనిగా వీపు గోక్కున్నాడు. అప్పుడు మొహం బిగించి, దీన్నేమంటారని అడిగాడు.

“‘అది’ అంటామండీ. ఇప్పుడు తమరూ అదేగా అన్నారు.”

“నేనన్నది అనధికారికంగా” అని చెప్పి, ఆయన ఆ కర్రను చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆవిడ ప్రతి దానికీ “ఏమండీ” అని పిలిచింది. మేస్త్రి దుకాణానికి వెళ్లినప్పుడు పిలవడానికి ఎవరూ లేరు. రాన్రానూ ఆయన ఇంట్లో ఉన్నప్పుడు కూడా పిలవడం మానేసింది. ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చేసరికి, మూసిన కిటికీ కింద, ఆగిన ఫ్యాను కింద, చెమటలు కక్కుతూ కూర్చుని ఉంది. ఎందుకిలా కూర్చున్నావంటే, ఏం లేదంది. మేస్త్రి కంచం ముందు కూర్చోకుండానే మండలి కార్యాలయానికి నడిచాడు.

అధికారి మర్యాదగా కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆయన వెనక గోడకు కర్ర వేలాడుతోంది. దానికి మల్టీపర్పస్ రీచింగ్ డివైస్ అని ఇంగ్లీషులో చీటీ అంటించి ఉంది. గుమాస్తా వచ్చి దాంతో బీరువా మీది కట్టలు దింపుకున్నాడు. అతని దగ్గర్నుంచి అధికారి దాన్ని తీసుకుని, కూర్చున్న చోటి నుంచే కిటికీ తెరిచాడు. మేస్త్రి తన గోడు చెప్పుకున్నాడు. సైకిల్ ట్యూబు తాను చుట్టిందేనని, ముడి కూడా తనదేనని చూపించాడు.

“మీ ఇంట్లో తీసుకున్నదానికి పేరుందా?”

“లేదండి.”

“దీనికి ఉంది. కాబట్టి ఇది అది కాదు.”

పోనీ, పేరున్న దీన్నే ఇప్పించమన్నాడు మేస్త్రి. అధికారి నిజంగానే బాధపడ్డాడు. “ఇది కార్యాలయానికి అవసరమైన వస్తువయ్యా. అవసరమైనవాటి మీద నాకు అధికారం లేదు. నాది అనవసర వస్తువుల శాఖ.”

మేస్త్రి ఇంటికొచ్చి మంచం మీదికి కాళ్ల వైపు నుంచి పాకి, గోడకు చేరగిలబడ్డాడు. ఆవిడ ఆయన ఖాళీ చేతులు చూసింది. తర్వాత బోర్డునూ, చార్టులనూ, డబ్బాలనూ కలయజూసింది.

“ఏమండీ, అది ఊడదీయండి” అంది.

మేస్త్రి ఏదని అడగలేదు. తిన్నగా వెళ్లి బోర్డు స్టాండు కాలు ఊడదీసి, దానికి మళ్లీ ఒక వంపూ, గొళ్లెం ముక్కా బిగించాడు. చీకటి పడేలోపు ఆవిడ తన చేత్తో తానే కిటికీ తెరుచుకుంది. స్టాండు ఏదక్కా అని బావమరిది లబోదిబోమంటే, “రీపర్పస్ చేశాం తమ్ముడూ” అంది. కొత్తదానికి పేరు లేదన్న బెంగ కూడా ఆవిడ పెట్టుకోలేదు. చేతికందిన డబ్బా మీది చీటీ పీకి దానికి అంటించింది. మళ్లీ తనిఖీకి వచ్చిన అధికారి దాని మీద షూ ర్యాక్ అని చదువుకుని, తృప్తిగా తలూపి వెళ్లాడు.

ఈ కథలో ఆవగింజంత కల్పన కూడా లేదని మొదట్లో అన్నాను. ఒక గింజ ఉంది. మండలి నిజం, చీటీ నిజం, షూ ర్యాక్ అయితే మరీ నిజం. కార్యాలయంలో అధికారి మేస్త్రికి కుర్చీ చూపించి కూర్చోమన్నాడని రాశాను చూశారూ, అది నేను కల్పించాను.