నల్లతెర మీద ప్రారంభోత్సవం

"ఇకనుంచి ప్రజల ఫిర్యాదులన్నీ కంటైనర్‌లో భద్రం. చీమ కూడా దూరదు. అంతా లోపలే" అని మంత్రిగారు ప్రకటించగానే సభలో చప్పట్లు నాలుగు నిమిషాలు మోగాయి. కంటైనరంటే ఓడలో వచ్చే ఇనప్పెట్టె అనుకున్నవాళ్లు ఇంకో నిమిషం ఎక్కువే కొట్టారు.

వేదిక వెనక కూర్చున్న కంప్యూటరమ్మ మాత్రం గతుక్కుమంది. రాష్ట్రమంతటి ఫిర్యాదులూ చేరే ఆ యాప్ రాసింది ఆవిడే, నడపాల్సిందీ ఆవిడే. భర్త, నాలుగేళ్ల కూతురు ఆరుగంటల ప్రయాణమంత దూరాన వేరే ఊళ్లో ఉన్నారు. ఆ ఊరికి బదిలీ చేయమని రెండేళ్లుగా తిరిగి తిరిగి ఆవిడ చెప్పులరిగిపోయాయి. ఆవిడ పై అధికారి కమిషనర్‌గారు మొన్ననే తేల్చి చెప్పారు: "ఇక కాగితాలు తీసుకోమమ్మా. నీ గోడు కూడా యాప్‌లోనే పెట్టుకో. రూలు అందరికీ ఒకటే."

సభ అయ్యాక ఆవిడ కమిషనర్‌గారి గదికి వెళ్లింది.

"సార్, కంటైనరంటే మెషిన్ లోపల ఒక పెట్టెలాంటిది. మన యాప్ అందులో ఒంటరిగా నడుస్తుంది. మన ఏర్పాటులో దాన్ని ఆపితే పెట్టెతోపాటు లోపలున్నవన్నీ పోతాయి. ఫిర్యాదులు దాచడానికి బయట ఒక బీరువా పెట్టుకోవాలి. యాప్‌ని మొదలుపెట్టే ఆజ్ఞలో, అంటే కమాండ్‌లో, నాలుగు మాటలు ఎక్కువ టైపు చేస్తే చాలు."

"మంత్రిగారు అంతా లోపలే అన్నారు. నువ్వు బయట అంటున్నావు."

"ఆయన మాటవరసకి అన్నారేమో సార్..."

"మాటవరసకే అన్నారు. కానీ ఫైల్లో ఎక్కింది. అయినా ఆపితే కదా పోయేది? ఎందుకాపుతాం?"

ఇంత తర్కం విన్నాక ఆవిడ వచ్చి ఆ నాలుగు మాటలూ లేకుండానే కమాండ్ రాసిపెట్టింది.

సోమవారం ప్రారంభోత్సవం. మంత్రిగారు నల్లటి తెర ముందు కూర్చుని ముఖం చిట్లించారు.

"రంగుల్లేవేంటమ్మా?"

"ఇది కమాండ్ లైన్ సార్. ఇక్కడ పని తప్ప ఇంకేమీ కనబడదు."

"మరి నా శాఖలో ఇన్నాళ్లూ ఎవరూ చూపించలేదే" అని ఆశ్చర్యపోయి, ఆవిడ టైపు చేసిపెట్టిన వరుస చివర ఎంటర్ నొక్కారు. యాప్ లేచి కూర్చుంది.

శుక్రవారానికి నాలుగువేల మూడువందల పన్నెండు ఫిర్యాదులు వచ్చాయి. కుళాయిలు, గుంతలు, వెలగని దీపాలు. వాటి మధ్యలో ఒక బదిలీ అర్జీ. మంత్రిగారికి అన్నం సయించలేదు. ఈలోగా నగరం రెండోకొసవాళ్లు వచ్చే సోమవారం మాకూ ఒక ప్రారంభోత్సవం కావాలని పట్టుబట్టారు.

"సార్, యాప్ నడుస్తూనే ఉంది. మీరు ఉత్తుత్తినే ఒకసారి నొక్కితే సరిపోతుంది" అంది కంప్యూటరమ్మ.

మంత్రిగారు నొచ్చుకున్నారు. "దొంగ ప్రారంభోత్సవం చెయ్యమంటావా? ముప్పై ఏళ్లలో ఒక్క అబద్ధపు రిబ్బను కత్తిరించలేదమ్మా నేను. దాన్ని ఆపు. నా చేత్తో మొదలెడతాను."

అంత నిజాయితీపరుడు. ఆవిడ యాప్‌ని ఆపింది. ఆయన ఎంటర్ నొక్కారు.

"పెండింగ్ ఎన్ని?"

"సున్నా సార్."

"శుక్రవారం నాలుగువేలున్నాయి కదా?"

కమిషనర్‌గారి ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు ఊరికే పోలేదు. చిన్నగా దగ్గి, "తమరు చెయ్యి వేశారు కదా సార్" అన్నారు.

మర్నాటి పత్రికలన్నింటిలోనూ ఆ చెయ్యే. ఇక ప్రతి సోమవారం ఒక ప్రారంభోత్సవం. పేటలైపోయాయి, వీధులైపోయాయి, చివరికి సచివాలయం మూడో అంతస్తుకి విడిగా ఒకటి చేశారు. కంప్యూటరమ్మ శుక్రవారం తన అర్జీ పెట్టుకోవడం, సోమవారం తన చేత్తోనే దాన్ని మట్టుబెట్టడం మామూలైపోయింది.

"అమ్మా, ఎప్పుడొస్తావ్?" అని ఫోన్లో పాప అడిగింది.

"సోమవారం దాటనీ బంగారం."

"ఏ సోమవారం?"

తొమ్మిదో సోమవారం ఎవరికీ చెప్పకుండా ఆ నాలుగు మాటలూ కమాండ్‌లో చేర్చింది. మంత్రిగారే నొక్కారు. పదో సోమవారం ఆపి, మళ్లీ అలాగే నొక్కారు.

"పెండింగ్ ఎన్ని?"

కమిషనర్‌గారు దగ్గేలోపే తెర పలికింది. ఐదువేల నూట ఆరు.

"నేనే సార్" అంది కంప్యూటరమ్మ. "కమాండ్‌లో నాలుగు మాటలు చేర్చి, ఫిర్యాదులకి బయట బీరువా పెట్టాను. అందులో నాదీ ఒకటుంది. పాప దగ్గరికి బదిలీ కావాలి సార్. రెండేళ్లయింది."

మంత్రిగారు ఆవిడనీ, తెరనీ మార్చి మార్చి చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"తల్లీబిడ్డల్ని విడదీసే ప్రభుత్వం కాదమ్మా మాది. కమిషనర్‌గారూ, ఈవిడ ఇవాళే వెళ్లాలి."

"ఇవాళేనా సార్?"

"మధ్యాహ్నంలోపు. ఆ నాలుగు మాటలు కూడా ఆవిడతోపాటే వెళ్లాలి."

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. బీరువా తీసేస్తుంటే మిగిలిన ఐదువేల నూట ఐదుగురూ గుర్తొచ్చి చెయ్యి ఆగింది. పాప గుర్తొచ్చి కదిలింది. మధ్యాహ్నం రెండు గంటల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

కొత్త ఆఫీసులో చేరిన వారానికి పత్రికలో మంత్రిగారి ఫొటో వచ్చింది. యాప్‌కు వచ్చిన ఫిర్యాదు ఒకటి, పరిష్కరించినది ఒకటి, అది ఆవిడ బదిలీయే, నూటికి నూరు శాతం. పాప ఆ ఫొటోకి మీసాలు గీస్తుంటే పక్కింటి పిన్నిగారు ఖాళీ బిందెతో వచ్చారు.

"మీ యాప్ భలే ఉందమ్మాయ్. కుళాయిలో నీళ్లు రావట్లేదని ఆరుసార్లు పెట్టాను. మొదట్లో వరుసలో నా నంబరు మూడువేలు. ఇవాళ పొద్దున ఎంతిచ్చారో తెలుసా? ఒకటి."

కంప్యూటరమ్మ బిందె అందుకుంది. "పిన్నిగారూ, రోజూ మా ఇంట్లోనే పట్టుకోండి."

"రోజూ ఎందుకమ్మా, ఈ ఒక్కపూటకి చాలు" అన్నారు పిన్నిగారు. "ఇక నా ముందు ఎవరూ లేరుగా."