రిబ్బను కట్టిన ఉత్తరం

గురువారం పొద్దున ఎవాండ్రో వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏడింటికి పోర్చుగల్ ఊరు బ్రాగాలో ఇల్లు కదలడం, ఎనిమిదింటికి విమానాశ్రయం, పదకొండుంబావుకి సావో పాలో విమానం. శనివారం సాయంత్రం బ్రెజిల్‌లోని ఉబెర్లాండియాలో అతని భార్య మార్లీ చెల్లెలు జుసారా పెళ్లి. చర్చిలో పెళ్లికూతురి తరఫున సాక్షులుగా నిలబడాల్సింది అక్కాబావలే. ఆ తర్వాతి విమానం మళ్లీ ఆదివారం. ఇది తప్పితే చెల్లెలి పెళ్లి ఫోన్లో చూసుకోవడమే. అయిదేళ్లుగా పుట్టిల్లు చూడని మార్లీ, ఆ మాట ఎవరైనా అంటేనే కళ్లనీళ్లు పెట్టుకునేది.

మధ్యలో ఒక చిన్న చిక్కుంది. ఇద్దరి నివాస కార్డులకీ గడువు తీరి పద్నాలుగు నెలలైంది. కొత్తవి ఎప్పుడొస్తాయో పోర్చుగల్‌లో ఎవరికీ తెలియదు కాబట్టి, అవి వచ్చేదాకా పాతవే చెల్లుతాయని ప్రభుత్వం అందరికీ ఒక ఉత్తరం పంపింది. పాత కార్డూ ఈ ఉత్తరమూ కలిపి చూపిస్తే దేశం దాటొచ్చు. అలా దాటి వచ్చినవాళ్లు బ్రాగాలో వీధికి పదిమంది ఉన్నారు.

ఎవాండ్రోకి మింగుడు పడనిది ఆ ఉత్తరం వాలకం. ఈమెయిల్లో వచ్చింది. ఒకటే పేజీ. సంతకం లేదు, ముద్ర లేదు. పైగా అడుగున 'సంతకం లేకపోయినా ఈ పత్రం చెల్లును' అని సిగ్గు లేకుండా ఒప్పుకుంది. ఇప్పుడంటే టైల్స్ షోరూములో పని చేస్తున్నాడు కానీ, బ్రెజిల్‌లో ఎవాండ్రో పదకొండేళ్లు నోటరీ ఆఫీసులో గుమాస్తా. అక్కడ మనిషి పోయినా సరే, ముద్ర పడేదాకా బతికున్నట్టే లెక్క.

"సంతకం లేని కాగితం పట్టుకుని సముద్రం దాటమంటారా?" అన్నాడు భార్యతో.

"అందరూ దాటుతున్నారుగా?"

"అందరూ ఎర్ర లైటు కూడా దాటుతున్నారు."

అలా మొదలై ఉత్తరానికి రెండు వారాల పాటు వైద్యం జరిగింది. ముందు మందపాటి కాగితం మీద రంగుల్లో అచ్చు వేయించాడు. నోటరీ డాక్టర్ ఎర్మెలిండా గారి దగ్గరికి పట్టుకెళ్లాడు. డిగ్రీ ఉన్న ప్రతివాళ్లనీ డాక్టర్ అనే పోర్చుగల్‌లో వైద్యం రాని డాక్టర్లు మెట్టుకొకరు ఉంటారు. ఆవిడ ఏదో సందేహం వెలిబుచ్చింది. దాన్ని ఎవాండ్రో అక్కడికక్కడే తీర్చేశాడు. ఆవిడ కాగితాన్ని నొక్కి ఉబ్బెత్తు ముద్ర వేసింది. ఆవిడ సంతకం ఆవిడదేనని పై ఆఫీసులో ఇంకో ముద్ర పడింది. ఇంగ్లీషు అనువాదం చేయించాడు, అనువాదకుడి ముద్రతో సహా. చివరికి అన్నిటినీ ఎరుపు ఆకుపచ్చ రిబ్బనుతో కట్టించి, ముడి మీద లక్క పోయించాడు. ఇంత చక్కటి ఉత్తరం ఇంట్లో ఉండగా ఆ బోడిది ఎందుకని పాత ప్రింటు పారేశాడు. మెయిల్ కూడా చెరిపేశాడు.

"నీదీ చేయిద్దామా?" అని మార్లీని అడిగాడు.

"నా ఉత్తరం జోలికొచ్చావంటే చేతులు విరుగుతాయి," అంది మార్లీ.

సరిహద్దు తనిఖీ దగ్గర మార్లీకి నాలుగో బూత్ దొరికింది. అక్కడి పోలీసాయన కాఫీ తాగుతూ ఆమె కాగితాన్ని ఒక కంటితో, కప్పుని రెండో కంటితో చూసి పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టాడు. నలభై సెకన్లు. మార్లీ అవతలికి వెళ్లిపోయింది.

ఎవాండ్రోకి అయిదో బూత్. అందులో ఓ కుర్ర పోలీసమ్మాయి. అతను పెట్టెలోంచి ఉత్తరం తీసి రెండు చేతులా అందించాడు.

"ఇదేంటండీ?"

"గడువు పొడిగించిన ఉత్తరం, సెన్యోరా."

"శుభలేఖేమో అనుకున్నా. ఎవరిచ్చారు?"

"మీ ప్రభుత్వమే."

"మా ప్రభుత్వం రిబ్బను కట్టదండీ."

ఆ అమ్మాయి ఉత్తరం మీది క్యూఆర్ కోడ్‌ని యంత్రానికి చూపించింది. యంత్రం పలకలేదు. ఇంకోసారి చూపించింది. ఉబ్బెత్తు ముద్ర సరిగ్గా కోడ్ నెత్తి మీద కూర్చుని ఉంది.

"అది చేత్తో నొక్కిన ముద్ర," అన్నాడు ఎవాండ్రో, గర్వం దాచుకోలేక.

ఇన్‌స్పెక్టర్ సిల్వేరియో వచ్చాడు. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, మొదటి అక్షరం నుంచి లక్క దాకా చదివాడు. తన ఉత్తరాన్ని పూర్తిగా చదివిన మొదటి మనిషి దొరికినందుకు ఎవాండ్రో కాసేపు సంతోషించాడు కూడా.

"ఈ సంతకం ఎవరిది?"

"డాక్టర్ ఎర్మెలిండా గారిది."

"ఇదో?"

"అది ఆవిడ సంతకమేనని సంతకం పెట్టినాయనది."

"మరి ఉత్తరం కింద, నీలం సిరాతో, ఇంత పెద్దది?"

ఎవాండ్రో కాస్త తటపటాయించాడు. "అది నాదండీ."

"ప్రభుత్వం రాసిన ఉత్తరం కింద మీ సంతకం ఎందుకుంది?"

"నోటరీ చెయ్యాలంటే ఏదో ఒక సంతకం ఉండాలన్నారు సర్. కాగితం మీద ఒక్కటీ లేదు. ఆ టైముకి అక్కడ నేనే ఉన్నా."

"అంటే మీ గడువు మీరే పొడిగించుకున్నారన్నమాట."

"అబ్బే, గడువు వాళ్లదే. సంతకం మట్టుకే నాది."

"దాన్ని నోటరీ ఖాయం చేసింది."

"అవును సర్. నాది నాదేనని."

ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు తీసేశాడు. "ఇరవై ఆరేళ్ల సర్వీసులో దొంగ పత్రాలు బోలెడు చూశానయ్యా. దొంగ తన సంతకమే పెట్టి, అది తనదేనని నోటరీ చేయించుకుని రావడం మాత్రం ఇదే చూడ్డం."

ఎవాండ్రోని పక్కన నిలబెట్టారు. ఉత్తరం పంపిన ఆఫీసుకి ఫోన్ చేశారు. అవతల సంగీతం మొదలైంది. సంగీతం బాగానే ఉంది కానీ ఆగేలా లేదు. ఇంతలో సావో పాలో ప్రయాణికులు విమానం ఎక్కవచ్చని మైకులో చెప్పారు.

"ఎవాండ్రో!" అద్దాల గోడ అవతల నుంచి మార్లీ కేక. "అందరూ ఎక్కేస్తున్నారు! ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు! ముద్రలే వేయించా!"

"నెత్తిన కూడా ఒకటి వేయించుకోకపోయావా! జుసారాకి నేనేం చెప్పను?"

ఆ మాటతో ఎవాండ్రోకి ఒక ఉపాయం తట్టింది. "సర్, మా ఆవిడదీ ఇదే ఉత్తరం. ఇప్పుడే దాటింది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి."

మార్లీ బూత్ దగ్గరి గీత దాకా వచ్చి, అవతలే నిలబడి కాగితాన్ని చెయ్యి చాచి అందించింది. నాలుగు మడతలు, ఒక కాఫీ మరక, వెనక వైపు పెన్సిల్‌తో నల్ల చిక్కుళ్లు, బట్టల సబ్బు, ఎవాండ్రోకి తలనొప్పి మాత్రలు.

ఇన్‌స్పెక్టర్ మొహం వికసించింది. "ఇదిగో, చూసి నేర్చుకోండి. సంతకం లేదు, ముద్ర లేదు, సిరా సగం లేదు. ప్రభుత్వ పత్రమంటే ఇదీ!"

రెంటినీ పక్కపక్కన పెట్టి తేడాలు వెతకడం మొదలెట్టాడు. పదాలు ఒకటే. తేదీ ఒకటే. నంబరు కూడా ఒకటే అయ్యేసరికి వేలు ఆగిపోయింది.

"మీ ఆవిడ పేరు?"

"మార్లీ."

"మరి దీని మీద ఎవాండ్రో అని ఉందేం?"

ఎవాండ్రో పారేసిన ప్రింటు చెత్తబుట్ట దాకా పోలేదు. ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాన్ని పారెయ్యడం మార్లీ వంశంలోనే లేదు. దాన్ని ఫ్రిజ్ మీద తన ఉత్తరం పక్కనే తగిలించి సరుకుల చీటీకి వాడుకుంది. పొద్దున హడావుడిలో చేతికి అందింది లాగి సంచీలో వేసుకుంది. ఆవిడదేమో బ్రాగాలో ఫ్రిజ్‌కి అంటుకుని ఉంది. ఆవిడ మాత్రం మొగుడి ఉత్తరంతో దేశం దాటేసింది.

అందరూ నాలుగో బూత్ వైపు చూశారు. నాలుగో బూత్ కాఫీ కప్పు లోపలికి చూసుకుంటోంది.

పోలీసమ్మాయి మడతల కాగితాన్ని యంత్రానికి చూపించింది. పచ్చ దీపం వెలిగింది. "ఈయనది చెల్లుతుంది సర్. పంపేయొచ్చు."

"మరి నాది?" అని మార్లీ అనేసి, వెంటనే నాలిక కరుచుకుంది.

రూలు ప్రకారం మార్లీని వెనక్కి పిలిపించాలి. పిలిపిస్తే ఎందుకో నివేదిక రాయాలి. రాస్తే నాలుగో బూత్‌లో పేరు చదవలేదని రాయాలి. ఆ బూత్ ఎవరి కింద పనిచేస్తుందో కూడా రాయాలి. ఇన్‌స్పెక్టర్ సిల్వేరియో రిటైర్మెంటుకి ఇంకా అయిదు నెలలే ఉంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సెన్యోర్ ఎవాండ్రో, ఈ పొద్దున ఇక్కడ ఏమైనా జరిగిందా?"

ఎవాండ్రో పద్ధతైన మనిషి. జరిగింది జరిగినట్టు చెబుదామని నోరు తెరిచాడు.

"ఏం జరగలేదు!" అంది మార్లీ అవతల నుంచి.

"మిమ్మల్ని కాదమ్మా, ఆయన్ని."

"ఏం జరగలేదు సర్," అన్నాడు ఎవాండ్రో.

"సంతోషం. ఆ ముక్క రాసివ్వండి."

"రాసివ్వాలా?"

"నోటి మాటకి విలువేముందయ్యా? రేపు ఎవరైనా అడిగితే నేనేం చూపించను?"

ఆ పొద్దుటి నుంచి ఎవాండ్రోకి అర్థమైన మొదటి మాట అదే. నిటారుగా కూర్చుని పదకొండేళ్ల అనుభవమంతా రంగరించి రాశాడు. నాలుగో బూత్ ఆయన వచ్చి, చదవకుండానే సాక్షి సంతకం చేశాడు. పోలీసమ్మాయి చదివి చేసింది. విమానం తలుపు మూసేస్తున్నారని మైకు అరుస్తుండగా ఇన్‌స్పెక్టర్ తనూ సంతకం పెట్టి, సొరుగు తెరిచి ముద్రలు బయటికి తీశాడు.

మొగుడూ పెళ్లాలు పరిగెత్తి ఆఖరుగా ఎక్కారు. "వచ్చేటప్పుడు నాది మెయిల్లోంచి తీసుకుంటా," అంది మార్లీ, రొప్పుతూ. "నువ్వు మాత్రం చేతులు కట్టుకుని కూర్చో." శనివారం సాయంత్రం ఇద్దరూ జుసారా పక్కనే నిలబడ్డారు.

ఆ పొద్దున విమానాశ్రయంలో ఏమీ జరగలేదనడానికి నాలుగు సంతకాలు, మూడు ముద్రలు ఇప్పటికీ ఫైల్లో భద్రంగా ఉన్నాయి.