నల్లబాట అల్లుడు, ఎర్రబాట కోడలు

2024 ఫిబ్రవరి పదకొండో తేదీ, ఆదివారం. విరుదునగరులో మిరపకాయల మండి యజమాని పాండియరాజన్ ఇంట్లో రవ్వకేసరి, ఉద్దివడ, కొబ్బరి పచ్చడి, ఆపైన ఫిల్టర్ కాఫీ. ఇవన్నీ సక్రమంగా ముగిసిన తరువాత ప్రపంచంలోని మంచుకొండల్లో ఏది ఎక్కువ, ఏది తక్కువ అనే అంశం చర్చకు వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. హాజరైన పెద్దల్లో మంచును కళ్లతో చూసినవారు ఒక్కరూ లేరు. అందువల్ల చర్చ ఎంతో ధాటిగా సాగింది.

దీనికంతటికీ కారకుడు సుబ్బురాజ్. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. మదురైలో బి.ఏ. జాగ్రఫీ చదివాడు. ఆ చదువు వల్ల కలిగిన ప్రయోజనం ఏమిటంటే, ఎవరు ఏ దేశం పేరెత్తినా బంధువులందరూ ఆయన మొహం చూస్తారు. భార్య సీనియమ్మాళ్ పోయి నాలుగేళ్లయింది. ఆమె తమ్ముడే ఈ పాండియరాజన్. తమ్ముడి కూతురు మహేశ్వరిప్రియ కోవిల్‌పట్టి పక్కకే కోడలై రావాలని సీనియమ్మాళ్ అంటూ ఉండేది. ఆమె అడిగినవాటిలో సుబ్బురాజ్ చేసిపెట్టగలిగినవి బహు తక్కువ. ఇదొక్కటైనా జరిపించాలని, కోవిల్‌పట్టి అవతల నల్లరేగడిలో పత్తి పండించే వేలుసామి కొడుకు బాలచందర్‌ను వెతికి పట్టుకున్నాడు. పిల్లా పిల్లవాడూ ఫోనులో మాట్లాడుకున్నారు. ఇద్దరికీ నచ్చింది. ఇక మిగిలింది పెద్దలకు నచ్చడమే.

తమిళనాట తెలుగు మాట్లాడే వాళ్ల మనుషుల్లో ఒక పద్ధతి ఉంది. సంబంధం కుదిర్చే పెద్దమనిషి ఇరువైపులవాళ్లనూ కూర్చోబెట్టి, నడుమ నిలబడి, ఈ పక్కది ఒక గొప్ప, ఆ పక్కది ఒక గొప్ప, తూకం తప్పకుండా వినిపించాలి. వేలుసామికి బావి ఉందంటే పాండియరాజన్‌కు గోడౌను ఉందనాలి. అబ్బాయి కోయంబత్తూరు పంపుల కంపెనీలో ఇంజనీరు అంటే, అమ్మాయి చెన్నై కంపెనీలో ఇంజనీరు అనాలి. ఒక పక్క మేనమామ పంచాయతీ మెంబరైతే రెండో పక్క కనీసం రేషన్ కొట్టు బంధువైనా ఉండితీరాలి. సుబ్బురాజ్ త్రాసు చక్కగా పట్టుకున్నాడు. ముల్లు నిటారుగా నిలిచింది. అక్కడ ఆపి కూర్చుంటే సరిపోయేది. కాని చదువుకున్నవాడు కదా, పైన ఒక చిటికెడు చల్లాలనిపించింది.

“ఇంకొకటి ఉండాది,” అన్నాడు. “అబ్బాయిని కంపెనీవాళ్లు ఆస్ట్రియాకు పంపినప్పుడు, అక్కడ కొండ మీద మంచులో కాళ్లకు స్కీ పలకలు కట్టుకొని నల్లబాటలో దిగినాడు. మన ప్రియ జపానుకు పోయినప్పుడు స్నోబోర్డనే ఒంటి పలక మీద ఎర్రబాటలో దిగింది. బాట ఎంత కష్టమో తెలిసేదానికి ఆ దేశాల్లో రంగు బోర్డులు పెడతారు.”

హాలులో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది మెచ్చుకోలు అనుకొని సుబ్బురాజ్ చిరునవ్వు నవ్వాడు.

ఇక్కడ పాఠకులకు ఒక మనవి. పాండియరాజన్ పుట్టి పెరిగింది మిరపకాయల్లో. ఆయన దృష్టిలో ఎరుపు అంటే మొదటి రకం. నలుపు అంటే తేమ తగిలి, బూజు పట్టి, ఎవరికీ అంటగట్టలేక మూలన పోసిన కాయ. నల్లకాయ ఆయన మండి మెట్టెక్కి ఎరగదు. ఇప్పుడు అల్లుడుగా వచ్చి ఎక్కబోతోంది.

“నల్లదా బావా?” అన్నాడు నెమ్మదిగా. “పిల్లోడు మంచోడే, ఒప్పుకుంటా. అంత దూరం పొయ్యి నల్లదాన్ని ఏమిటికి ఏరుకున్యాడు? ఎర్రది దొరకలేదా వానికి?”

ఈ మాటకు వేలుసామి భార్య వళ్ళి కాఫీ గ్లాసు కింద పెట్టింది. ఆమెకు తెలిసిన లోకంలో నలుపు అంటే కరిసలు అనే నల్లరేగడి నేల, వాన తాగి పత్తినిచ్చే తల్లి. ఎరుపు అంటే నీళ్లు నిలవని మొరపనేల. 

“ఎర్రదాంట్లో ఏమి మొలుస్తాదన్నా?” అంది, పాండియరాజన్‌ను వదిలి సుబ్బురాజ్ వైపు తిరిగి. “మా పక్క ఎర్రనేల్లో మేక గూడా మూతి పెట్టదు. ఇంత చదువు చదివిన పిల్ల, నల్లది పక్కనే ఉండంగా ఎర్రదాంట్లోనా దిగేది?”

“అదిగాక,” అని వేలుసామి అందుకున్నాడు, “మావాడు రెండు కాళ్లకీ రెండు పలకలు కట్టినాడు. ఆ పిల్లకు ఒకటే పలకంట. మండికారులు రెండోది కొనియ్యలేదా?”

ఆ విధంగా స్నోబోర్డు అనే క్రీడాపరికరం విరుదునగరు చరిత్రలో మొదటిసారి పిసినారితనానికి సాక్ష్యంగా నమోదైంది. పాండియరాజన్ భార్య సుధాలక్ష్మి గబగబా ఇంకో విడత వడలు తెచ్చింది కాబట్టి సభ ప్రశాంతంగా వాయిదా పడింది. ఎర్రబాట, నల్లబాటల్లో ఏది గొప్పదో విచారించి, వచ్చే ఆదివారం కోవిల్‌పట్టిలోని తన ఇంట్లో నివేదిక సమర్పించవలసిందిగా సుబ్బురాజ్‌ను ఏకసభ్య సంఘంగా నియమించారు. ఆయన వెళ్లేటప్పుడు సుధాలక్ష్మి ఆకులో చుట్టిన వడలు చేతిలో పెట్టింది. ఇంత పాడుచేసినవాడికి కూడా పొట్లం కట్టే మనుషులున్నారు లోకంలో అనుకుంటూ ఆయన కోవిల్‌పట్టి బస్సెక్కాడు. ఎండ పడని వైపు కిటికీ సీటు దొరికింది. దానికీ ఆయన మనసులో ఒక దండం పెట్టుకున్నాడు.

సాత్తూరు దాటకముందే ప్రియ ఫోను చేసింది.

“మామా, దాన్ని ఏమిటికి చెప్తివి నువ్వు?”

“గొప్పగా ఉంటాదని చెప్తినమ్మా.”

“గొప్పా? సగం దూరం నేను కూర్చొనే జారితి. మిగతా సగం ఎవరో జపాను ముసలమ్మ చెయ్యి పట్టుకొని దించె.”

సుబ్బురాజ్ తూకం మనిషి. వెంటనే బాలచందర్‌కు కూడా ఫోను చేశాడు.

“నేను దిగలేదు మామా, నన్ను దింపినారు,” అన్నాడు ఆ పిల్లవాడు, ఏ దాపరికమూ లేకుండా. “తప్పు లిఫ్టు ఎక్కేస్తి. పైకి పొయ్యి చూస్తే నల్లబోర్డు. అక్కడే కూలబడితే, కాపలావాళ్లు వచ్చి జారుడు బండి మీద కట్టి, పత్తిమూట మాదిరి ఈడ్చుకొచ్చినారు. ప్రియకు ఎప్పుడో చెప్తి. నవ్వి నవ్వి ఫోను కింద పడేసింది.”

మళ్లీ ప్రియకు ఫోను. ఈసారి ఆ అమ్మాయి గొంతు మారింది.

“నాకు ఈ సంబందం కావాల మామా. ఆయన పడింది పడినట్ల చెప్తాడు. అట్లాంటోడు మళ్లీ యాడ దొరుకుతాడు? నువ్వు తెచ్చిన తంటా, నువ్వే తీర్చు.”

నిజం చెప్పేస్తే తీరిపోతుందని పాఠకులకు తోచవచ్చు. పాఠకులు పెళ్లిమాటలకు వెళ్లి చాలా కాలమైనట్టుంది. నల్లబాటలో దిగిన అల్లుడితోనే ఇంత పేచీ వస్తే, మూటలా దిగిన అల్లుడితో ఎంత రావాలి? సుబ్బురాజ్ నిజాన్ని పక్కనపెట్టి విజ్ఞానాన్ని ఆశ్రయించాడు. చదువుకున్నవాళ్లు కష్టకాలంలో చేసే పనే అది.

ఆ వారమంతా ఆయన కంప్యూటరు ముందు కూర్చుని, ఎన్నడూ చూడబోని కొండల వాలు కొలిచాడు. పొయ్యి మీద అన్నం మాడింది. పాలు పొంగి గట్టు మీదకొచ్చాయి. ఏ దేశస్థులు ఏ దేశపు నల్లబాటను వెక్కిరిస్తారో, ఎక్కడి నీలం ఇంకెక్కడి ఎరుపుకు సమానమో, ఒకరినొకరు ఎరుగని జనం రాత్రింబగళ్లు వాదించుకున్న వాదాలన్నీ చదివాడు. ప్రపంచమంతా విరుదునగరు, కోవిల్‌పట్టిల మాదిరే ఉందని తేలేసరికి ఆయనకు ఎంతో నిశ్చింత కలిగింది. రంగు పెన్సిళ్లు కొని ఒక పటం గీశాడు. భార్య పోయాక ఒక వారం ఇంత త్వరగా గడవడం అదే మొదలని ఆయనకే తోచి, కొంచెం సిగ్గుపడ్డాడు.

తరువాతి ఆదివారం సాయంత్రం ఇరుపక్షాలూ ఆయన ఇంటికి వచ్చాయి. ఎదురింటి నుంచి కుర్చీలు అడిగి తెచ్చి వేశాడు. కోవిల్‌పట్టి కడలమిఠాయి అనే పల్లీపట్టి, కారపుసేవు, టీ. పటం గోడకు తగిలించి, గొంతు సవరించుకున్నాడు.

“సభకు నమస్కారం. ఐరోపాలో సులువు నుంచి కష్టానికి పచ్చ, నీలం, ఎరుపు, నలుపు అని వరస. అమెరికాలో ఎరుపనేదే లేదు.”

“ఎరుపే లేదా?” అన్నాడు పాండియరాజన్. ఆ దేశం మీద ఆయనకు నిజంగా జాలి కలిగింది.

“లేదు. జపానులో చాలాచోట్ల నీలం కనపడదు. అంతటికీ కలిపి పైన ఒక అధికారి అంటూ లేడు. ఏ కొండవాళ్లు ఆ కొండలో ఉండే బాటల్నే ఒకదానితో ఒకటి పోల్చి రంగు వేస్తారు. గనక చిన్న కొండలో నలుపు, పెద్ద కొండకు పోతే నీలం కావచ్చు. పెద్ద కొండలో ఎరుపు, చిన్న కొండకొస్తే నలుపు కావచ్చు. మంచు గడ్డ కట్టిన రోజు ఒక మాదిరి, మెత్తగా ఉండే రోజు ఒక మాదిరి. కాబట్టి శాస్త్రప్రకారం...”

“నిలుపు నిలుపు,” అన్నాడు వేలుసామి. “మావాడిది చిన్న కొండ అంటావా?”

“అట్ల అనలేదు.”

“చిన్న కొండ నలుపు నీలమంటివే ఇప్పుడు. అంటే మాది పైన రంగేసిన నలుపా?”

“పిల్లది మాత్రం?” అని పాండియరాజన్ లేచాడు. “మాది ఎరుపో కాదో పక్క కొండను అడిగి చెప్పాలనా? బావా, మా మండిలో సరుకు చేత్తో తీసి చూస్తాం. గోడ మీద పటం చూసి రేటు చెప్పం.”

శాస్త్రం ఇంతటి ఏకాభిప్రాయం సాధించడం అరుదు. ఇరుపక్షాలూ ఒకే క్షణంలో అవమానపడ్డాయి. పాండియరాజన్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. వేలుసామి కాలితో చెప్పులు వెతుకుతున్నాడు. సుబ్బురాజ్ ఎర్రపెన్సిలు పట్టుకుని పటం పక్కనే నిలబడిపోయాడు. సీనియమ్మాళ్ కోరిన ఒక్క పనీ తన తెలివి వల్లనే గుమ్మం దాటి వెళ్లిపోతోందని ఆయనకు స్పష్టంగా కనిపించింది.

అప్పుడు వళ్ళి అడిగింది, వెటకారానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

“అది సరే అన్నా, మీరు ఏ రంగుదాంట్లో దిగినారు?”

“నేనా? నేను దిగలేదమ్మా.”

“మంచైనా చూసిండారా?”

“ఐస్ పెట్టెలో చూసిండాను.”

వాకిట్లోకి పోయిన పాండియరాజన్ వెనక్కి తిరిగాడు. “ఈయనా? మంచా?” అన్నాడు. “పెండ్లైన కొత్తలో మా అక్కను కొడైకానలుకు తోడ్కపోతానని బయలుదేరి, కొండ ఎక్కకముందే, బత్తలగుండులో బస్సు దిగి వాంతి చేసుకొని, అట్లే తిరిగి తోడ్కొచ్చిన మనిషి ఈయన!”

వేలుసామి చెప్పు వదిలేసి పడిపడి నవ్వాడు. “బత్తలగుండులోనా? అక్కడ నేల చాప మాదిరి ఉంటాదే!”

“అదే గదా నేనూ చెప్పేది! ఆ చాప మీదనే!”

“అయ్యో అన్నా,” అని వళ్ళి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుధాలక్ష్మి ఆపుకోలేక లోపలికి పరుగెత్తింది. పాండియరాజన్, వేలుసామి ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి, వాంతి ఎట్లా వచ్చి ఉంటుందో ఒకరికొకరు నటించి చూపించుకున్నారు. ఇంతలోనే ఎవరో, వియ్యంకుణ్ణి పిలిచినట్టు, “సంబందీ” అన్నారు. రెండోవాళ్లు పలికారు.

సుబ్బురాజ్ కూడా నవ్వాడు. బత్తలగుండు బస్టాండులో సీనియమ్మాళ్ ఒక నిమ్మకాయ కొనిచ్చి, “నాకు చలి పడదులే, మంచిదే అయింది,” అనడం గుర్తొచ్చింది. ఆమె బతికుండగా ఎవరి ముందూ ఆ సంగతిని ఫిర్యాదుగా చెప్పలేదు. తమ్ముడికి మాత్రం ఎలాగో చేరినట్టుంది. చేరడం మంచిదే అయింది.

దీపం వేళకు తాంబూలాలు మార్చుకున్నారు. ఆ సభ చేసిన తీర్మానం ఇది: నల్లబాట, ఎర్రబాట రెండూ గొప్పవే, రెంటికీ బహుదూరం కింద బత్తలగుండు. రెండు కుటుంబాలు ఒకటి కావడానికి ఆస్తులు, చదువులు, జాతకాలు సరితూగితే చాలదని, ఇరువైపులవాళ్లకూ సమానంగా తక్కువైన మనిషి ఒకడు దొరకాలని ఈ సందర్భంగా రుజువైంది. ఆ పదవికి సుబ్బురాజ్ పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. ఆ ఇద్దరు పిల్లలూ కొండ ఎట్లా దిగారని వాళ్లను మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

అందరూ వెళ్లాక ఎదురింటి సుడలైమణి తన కుర్చీలు తీసుకుపోవడానికి వచ్చాడు. మొఫసిల్ బస్సు కండక్టరు, నిదానస్తుడు. గోడ మీద పటం చూసి ఆగాడు. మొహం వెలిగింది. తన కూతురు కాలేజీ టూరులో మనాలి వెళ్లిందనీ, అక్కడ మంచులో జారిందనీ, అది పచ్చబోర్డు పెట్టిన చోటనీ, ఒక్కసారి కూడా పడలేదనీ, ఫోటో కూడా పంపిందనీ తమిళంలో చెప్పి, జేబులోంచి ఫోను తీయబోయాడు.

“ఒట్టి పచ్చదేనా?” అన్నాడు సుబ్బురాజ్.

అనాలని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. అందులోని చులకన రుచి నాలుకకు తగిలాక గాని అది పాండియరాజన్, వేలుసామిల మాటేనని ఆయనకు తెలియలేదు. ఏదో సర్దిచెప్పబోయాడు. ఐరోపా నుంచి మొదలుపెట్టాలా, జపాను నుంచా అని తడుముకుంటుండగానే, సుడలైమణి ఫోను జేబులో పెట్టేసి, “సరి సార్,” అని కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపి ఎత్తుకున్నాడు. వీధి దాటాడు. కుర్చీలు లోపల పెట్టాడు. తరువాత, ఎదుటివాళ్లకు ఏమీ అనిపించకూడదని జాగ్రత్తపడే మనిషి వేసుకున్నట్టుగా, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.