కెప్టెన్ నదీన్ గారి నమూనా ప్రతి

ఆ సోమవారం ఉదయం కెప్టెన్ నదీన్ కోవారిక్ పెట్టుకున్న పనులు రెండే. ఎనిమిదింటికల్లా అమెరికా ప్రజారోగ్య శాఖలో నౌకాదళ హోదాలతో, యూనిఫాంలో పనిచేసే నర్సుల నెల విశేషాలను దేశమంతటా ఉన్న తోటి నర్సులకు ఈమెయిల్లో పంపడం ఒకటి. ఆసుపత్రి డైరెక్టర్ స్ట్రౌడ్ బల్ల మీద అప్పటికే పెట్టిన ఒక అర్జీ మీద నాలుగింటిలోపు ఆయన చేత సంతకం పెట్టించి పై కార్యాలయానికి పంపించడం రెండోది. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ తనను బదిలీ చేయకుండా ఈ నవాహో తెగవారి ఆసుపత్రిలోనే ఉంచమని ఆ అర్జీ. గడువు ఆ రోజుతో సరి.

పదకొండేళ్ల కిందట ఇక్కడ దిగినప్పుడు రెండేళ్లకు మించి ఒక్క రోజు ఉండనని ఒట్టు పెట్టుకున్న మనిషి ఆమె. ఎర్రమట్టి, ఎడతెగని గాలి, తొంభై మైళ్ల అవతల కూరగాయల దుకాణం. ఇప్పుడు ఆ గాలి చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు. క్వార్టర్స్‌లో ఏడో నంబరు ఇల్లు, పెరట్లో తాను నాటిన ఆప్రికాట్ చెట్టు, తన చేతుల మీద పుట్టి ఇవాళ బడికి వెళ్తున్న పిల్లలు... వీటిని వదిలిపోవడం ఆమె ఊహించుకోలేకపోయేది.

విశేషాలు ఎలా రాసి పంపాలో అందరికీ తెలియడానికి ఆమె ఒక నమూనా ప్రతి తయారుచేసుకుంది. ఇంకొకరి పేరు వాడితే నొచ్చుకుంటారని ప్రతి శీర్షిక కిందా తన పేరే రాసుకుంది. ‘పదోన్నతి: కెప్టెన్ నదీన్ కోవారిక్. బదిలీ: కెప్టెన్ నదీన్ కోవారిక్, అలాస్కాకు. పదవీ విరమణ: కెప్టెన్ నదీన్ కోవారిక్, ఈ నెలాఖరున.’ ఆ ఉదయం ఒక చేత్తో కాఫీ పట్టుకుని, ఇంకో చేత్తో అసలు విశేషాలకు బదులు ఆమె పంపింది ఆ నమూనానే.

ముప్పావుగంట తిరక్కుండా లెఫ్టినెంట్ షార్లీన్ యెల్లోహెయిర్ వార్డులోకి పరుగెత్తుకొచ్చింది. రోజూ అరవై మైళ్ల అవతలి నుంచి డ్యూటీకొచ్చే నర్సు ఆ అమ్మాయి.

"నాతో ఒక్క మాటైనా చెప్పాలనిపించలేదా మేడమ్? అలాస్కా అంట! ఆ చలిలో మీకెవరున్నారు?" అంటూ బావురుమంది.

"అలాస్కా ఏంటే? అది సరే, ఏడవడానికొచ్చినదానివి చేతిలో ఆ టేపెందుకు?"

"మీ కిటికీలు కొలుద్దామని. పొద్దున్నే క్వార్టర్స్ చూసే వెర్ల్ గారు సంతకం పెట్టించుకుని ఏడో నంబరు తాళాలిచ్చేశారు. పద్నాలుగు నెలలుగా ఇంటి కోసం క్యూలో ఉన్నా కదా మేడమ్."

నదీన్ పరుగున వెళ్లి కంప్యూటర్ చూసుకుంది. వెళ్లింది నమూనా! వెంటనే సవరణ పంపింది: ‘ఇందాకటి లేఖలో నదీన్ కోవారిక్ గురించి రాసినదంతా అబద్ధం.’

కంగారులో అంతకంటే మంచి వాక్యం దొరకలేదు పాపం. పది నిమిషాల్లో మోంటానా నుంచి గ్లాడిస్ ఫోను. ఇద్దరూ ఒకే రోజు సర్వీసులో చేరినవాళ్లు.

"ఒసేయ్, నీ గురించిందంతా అబద్ధమని రాశావుగా, నువ్వు కెప్టెన్‌వే కావని అంటున్నారేంటే అందరూ? ఏదో విచారణట!"

"నీ కళ్ల ముందే కదే నాకు ప్రమోషన్ వచ్చింది!"

"నేనూ అదే చెప్పా. నువ్వేం బెంగపెట్టుకోకు. పాతవాళ్లందరికీ చెప్పేశా. నీ మంచితనం గురించి తలా ఒక ఉత్తరం మీ డైరెక్టర్‌కి పంపిస్తారు."

"వద్దే తల్లీ!" అనేలోపు ఫోను పెట్టేసింది.

డైరెక్టర్ గదికి మూడుసార్లు వెళ్లింది నదీన్. మూడుసార్లూ తలుపు వేసే ఉంది. అసలు సంగతి రెండున్నరకు, హాల్లోకి రమ్మని కబురొచ్చినప్పుడు తెలిసింది. ఆయన పొద్దుటి నుంచీ ఆమె వీడ్కోలు ఏర్పాట్లలో ఉన్నాడు. యూనిఫాం ఇస్త్రీ చేసుకుని తోటి అధికారులు ఎనిమిది మంది రెండు వరసల్లో నిలబడి సెల్యూట్ చేస్తున్నారు. నౌకాదళంలో ఓడ దిగిపోయే అధికారికి చేసే మర్యాద అది, ఈ సర్వీసుకూ అదే ఆచారం. అక్కడ ఓడను చూసినవాడు ఒక్కడు లేడు. ఓడ గంట దొరక్క బడి గంట పట్టుకొచ్చారు.

నదీన్ నోరు తెరిచేలోగా బెస్సీ సిన్నిజిన్నీ అవ్వ ఒక కంబళి తెచ్చి ఆమె భుజాల మీద కప్పింది. "నా నలుగురు మనవళ్లనీ నువ్వే భూమ్మీదికి తెచ్చావు. చలి దేశం పోతున్నావట. ఇది కప్పుకో. మమ్మల్ని తలుచుకో" అంది.

నదీన్ కంబళిలో మొహం దాచుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. "నేనెక్కడికీ పోవట్లేదు అవ్వా! తప్పు ప్రతి పంపి చచ్చాను. సార్, నా అర్జీ!"

స్ట్రౌడ్ మొహం పాలిపోయింది. "పొద్దుటి లేఖ చూసి, వెళ్లిపోతున్నావుగా అని చించేశాను, నదీన్. సవరణ చూడనే లేదు."

గడియారం మూడుంపావు చూపిస్తోంది. అందరూ ఆయన గదికి పరుగెత్తారు. ఫ్యాక్స్ యంత్రం కింద నేలంతా ఉత్తరాలే. నలభై ఒకటి. తుపాను శిబిరంలో బాస్కెట్‌బాల్ కోర్టు మీద పడుకున్న రాత్రులు, బస్సు ఇంజను వేడికి ఆమె వెచ్చబెట్టిన పాలసీసాలు, మొదటి చావు చూసి ఏడుస్తున్న కొత్త నర్సు జడను మాట్లాడకుండా అల్లిన సంగతి. ఆమె ఎప్పుడో మరిచిపోయిన వయసంతా ఆ కాగితాల్లో ఉంది. స్ట్రౌడ్ నాలుగు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, పై కాగితం మీద ‘ఈమెను ఇక్కడే ఉంచవలెను’ అని రాసి సంతకం పెట్టాడు. మొత్తం కట్టను నాలుగింటికి రెండు నిమిషాల ముందు పంపించాడు. మర్నాడు పొద్దున్నే మంజూరైంది.

మంజూరు కాగితం పట్టుకుని నదీన్ సంబరంగా వెర్ల్ దగ్గరికెళ్లింది.

"ఉద్యోగం మీదే మేడమ్. ఇల్లు మాత్రం షార్లీన్‌ది. సంతకమైపోయింది" అన్నాడు వెర్ల్.

"నేను తాళాలు తిరిగిచ్చేస్తా!" అంది షార్లీన్.

"ఇస్తే క్యూలో తర్వాతి మనిషికి పోతుంది. మేడమ్‌ది ఇరవై మూడో నంబరు."

షార్లీన్ తల గోక్కుంది. "వెనక గది ఖాళీయే మేడమ్. కిటికీ తెరిస్తే ఆప్రికాట్ చెట్టు. వంటలో నేను సున్నా. మీరే వచ్చి నన్ను కాపాడాలి."

మరుసటి నెల విశేషాల్లో ఒక వాక్యం ఉంది: ‘బదిలీ: కెప్టెన్ నదీన్ కోవారిక్, ఏడో నంబరు ఇంటి ముందు గది నుంచి వెనక గదికి.’

దానికి సవరణ అవసరం పడలేదు.